ఘాట్ రోడ్డు బోర్డు, రెండు రాళ్ల మధ్య ఒక గీత: కాస్మిక్ హారర్ ఇంకా మనల్ని ఎందుకు వదలడం లేదు?

కిటికీసీటు (తిరుపతి) · శనివారం రాత్రి 9:40

మొన్న గురువారం తిరుమల ఘాట్ రోడ్డులో మా బస్సు ఇరవై నిమిషాలు ఆగిపోయింది. ముందు మలుపులో ఎవరిదో కారు చెడిపోయిందట. నాది కిటికీ సీటు. పక్కనే కొండ, దాని ముందు ఓ బోర్డు. ఈ దారిన రెండు వందల సార్లయినా పోయుంటాను, ఏనాడూ చదవలేదు. ఆ రోజు వేరే పని లేక చదివాను. ఇంటికొచ్చి ఇంకాస్త వెతికి చదివాను.

'ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ' అట. జాతీయ భూవైజ్ఞానిక స్మారకాల్లో ఒకటి. కింద ఉన్నవి ఆర్కియన్ కాలపు గ్రానైటు జాతి రాళ్లు. ఆ కాలం ముగిసే 250 కోట్ల ఏళ్లయింది. వాటి నెత్తిన ఉన్నది నగరి క్వార్ట్‌జైటు, అంటే ఎప్పటిదో నీటి అడుగు ఇసుక గట్టిపడి రాయైంది. రెండూ ఒకదాని మీద ఒకటి సిమెంటు వేసినట్టు అతుక్కుని ఉన్నాయి. కానీ ఆ రెంటికీ మధ్య పదుల కోట్ల ఏళ్ల తేడా ఉంది. ఆ మధ్యకాలం లెక్క చెప్పే రాయి అక్కడ లేదు, కోతకి కొట్టుకుపోయింది. మిగిలింది ఒక గీత.

వెనక సీట్లో ఒకాయన ఫోన్లో అద్దె గదికి బేరమాడుతున్నాడు. నాకేమో చేతుల మీద వెంట్రుకలు లేచాయి. కాస్మిక్ హారర్, అంటే ఈ విశ్వానికి మనిషి లెక్కలోనే లేడన్న భయం మీద కథలు రాసిన అమెరికా రచయిత లవ్‌క్రాఫ్ట్‌ని చదివినప్పుడు సరిగ్గా ఇదే భయం. 'ఎట్ ద మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్'లో అంటార్కిటికాకి పోయినవాళ్ల నాయకుడు కూడా భూగర్భ శాస్త్రవేత్తే. రాళ్లు తవ్వుకుంటూ పోతే మనిషి పుట్టకముందు ఎవరో కట్టిన ఊరు బయటపడుతుంది. భూమ్మీద ప్రాణమంతా ఆ ఊరివాళ్లు వేళాకోళానికో పొరపాటునో పుట్టించిందేమోనని మధ్యలో రచయిత ఒక మాట వదిలేసి ముందుకు పోతాడు.

దెయ్యాల సినిమా చూస్తే నవ్వొచ్చే వయసు నాది. మా ఇంట్లో రాత్రి లైట్లన్నీ ఆర్పేది నేనే. అయినా 1931లో రాసిన ఈ కథ తలుచుకుంటే ఇప్పటికీ కాళ్ల కింద నేల పల్చబడినట్టుంటుంది. మీలో ఎవరికైనా ఇట్లా ఉందా, నేనొక్కణ్నేనా?

సూటిమాట (తిరుపతి) · రాత్రి 10:05

అన్నా, నీ బోర్డు బాగుంది, ఆ రచయిత బాలేదు. నేను మూడు కథలు ప్రయత్నించా. పేజీకి నాలుగు సార్లు 'వర్ణించలేనిది', 'పేరు పెట్టరానిది' అంటాడు. వర్ణించలేకపోతే పెన్ను కింద పెట్టొచ్చు కదా. కూర గిన్నె మూత తియ్యకుండా 'ఆహా ఏం ఘాటు, చెప్పలేను' అన్నట్టుంటుంది. మాటలు లేవు, ఆడవాళ్లు లేరు, నవ్వు లేదు. మన 'తులసిదళం' చదివినప్పుడు నేను రాత్రిపూట బాత్రూంకి పోవడానికి అమ్మను లేపేవాణ్ని. భయమంటే అది.

పాతపుస్తకం (తిరుపతి) · రాత్రి 10:31

సూటిమాట గారూ, విశేషణాల గొడవ ఒప్పుకుంటా. దాన్ని ఎవరూ కాయలేరు. కానీ మీరు చెప్పిన పోలికలోనే జవాబుంది. 'తులసిదళం'లో చేతబడి చేసేవాడున్నాడు, చేయించేవాళ్లున్నారు, వాళ్లకో లాభం ఉంది. పాపను కాపాడాలని తిరిగేవాళ్లూ ఉన్నారు. అంటే ఆ భయానికి ఒక చిరునామా ఉంది. లవ్‌క్రాఫ్ట్ దగ్గర అది లేదు. 'ద కాల్ ఆఫ్ క్తుల్హు'లో సముద్రం అడుగున పడుకున్నదానికి మనమీద కోపం లేదు, పగ లేదు. అసలు మనమున్నామన్న సంగతి దానికి పట్టదు. నడుస్తుంటే కాలికింద చీమ పడితే మనం పగబట్టినట్టా?

ఆ కథ 1928 ఫిబ్రవరిలో 'వియర్డ్ టేల్స్' పత్రికలో వచ్చింది. అందులో నాకు బాగా నచ్చిన చోట రాక్షసుడు ఉండడు. కథకుడు ఒక మ్యూజియం వెనక గదిలో రాళ్లు చూస్తుంటాడు. అరలో రాళ్ల కింద పాత పేపరు పరిచి ఉంటుంది. యథాలాపంగా దాని మీద కన్ను పడుతుంది. సముద్రంలో దొరికిన ఓడ గురించిన వార్త. అక్కడితో అతని బతుకు అయిపోయింది. మా ఇంట్లో పండక్కి అల్మారా సర్దుతూ, అర అడుగున పరిచిన పాత పేపరు చదువుతూ కూలబడిపోవడం నాకు మామూలే. మా ఆవిడ వచ్చి తిట్టేదాకా లేవను. ఆ కథ చదివాక ప్రతిసారీ పేపరు మడత విప్పే ముందు ఓ క్షణం ఆగుతా.

ఇంకో సంగతి. డిగ్రీలో ఉండగా ఊళ్లో ఒక పాత పుస్తకాల కొట్లో ఆయన కథల సంపుటి నలభై రూపాయలకి కొన్నా. హాస్టల్‌కి వచ్చి చూస్తే చివరి ఫారం లేదు. పదహారు పేజీలు గల్లంతు. తిరిగి పోయి అడిగితే కొట్టాయన "నలభై రూపాయలకి అంతే వస్తాది నాయనా" అన్నాడు. చివరి కథ 'ద షాడో ఓవర్ ఇన్స్‌మౌత్'. చేప ముఖాల మనుషులుండే ఊర్లో ఒక కుర్రాడు చిక్కుకుని, రాత్రికి రాత్రి పాత రైలు పట్టాల వెంట పారిపోతాడు. నా పుస్తకం అక్కడ అయిపోయింది. హమ్మయ్య, తప్పించుకున్నాడు అనుకుని మూడేళ్లు హాయిగా ఉన్నా.

తర్వాత ఉద్యోగంలో చేరాక ఇంటర్నెట్లో ఆ మిగతా పేజీలు చదివా. ఎవరి నుంచి పారిపోయాడో వాళ్ల రక్తమే తనలోనూ ఉందని వాడికి తెలుస్తుంది. పొద్దున్నే అద్దంలో చూసుకుంటే ముఖం మారుతోంది. అంతకన్నా ఘోరం, చివరికి వాడికి భయం పోతుంది. సముద్రంలోకి పోయే రోజు కోసం ఎదురుచూస్తుంటాడు. ఆయన బతికుండగా విడి పుస్తకంగా వచ్చిన కథ ఇదొక్కటే, 1936లో. అది కూడా అచ్చుతప్పుల తడక. ఈ కథకి మంచి పుస్తకం దొరికే యోగం లేనట్టుంది.

అయ్యవారు (చిత్తూరు) · రాత్రి 11:12

నేను రిటైరైన తెలుగు పంతుల్ని. ఈ కథలు నేను చదవలేదు, మా మనవడు చెప్తే విన్నాను. వింటుంటే గీత పదకొండో అధ్యాయం గుర్తొచ్చింది. అర్జునుడు విశ్వరూపం చూపించమని తనే అడిగాడు. చూశాక దిక్కులు తెలియడం లేదు, నెమ్మది లేదు అని గడగడలాడాడు. కోరలున్న నోళ్లలోకి జనమంతా పోయి పడటం చూశాడు. మీరు చెప్పే భయానికి అది ఏం తక్కువ?

కానీ ఆ తర్వాత ఏం జరిగింది? పాత రూపంలోకి రా స్వామీ అన్నాడు, ఆయన వచ్చాడు. భయపడినవాణ్ని ఊరడించాడు. అడిగితే చూపించాడు, వద్దంటే దాచాడు. మీ అమెరికా ఆయన కథలో దాచమని ఎవరిని అడగాలి? నా అనుమానం, ఆ కథల భయమంతా అక్కడే ఉంది. ఇక్కడ గుళ్లో అర్చన చేయించుకుంటే పేరు, గోత్రం, నక్షత్రం చెప్తాం. ఏడుకొండల మీద ఉన్నవాడికి మనం ఫలానా అని తెలియాలని. అక్కడ గోత్రం చెప్పినా వినేవాడు లేడు.

మామిడితోపు (చిత్తూరు) · ఆదివారం ఉదయం 6:55

అయ్యవారూ, నమస్కారం. గోత్రం మాట రాత్రంతా తిరుగుతూనే ఉంది తలలో. దానికి తోడు ఇంకోటి. మా కాణిపాకం వినాయకుడు బావిలో వెలిశాడు, ఏటికేడు పెరుగుతున్నాడని మన నమ్మకం. పాత వెండి కవచం ఇప్పుడు పట్టదని చూపిస్తారు. మా అవ్వ అది చెప్పేటప్పుడు ముఖం వెలిగిపోతుంది. నీళ్లలో ఉన్న రాయి పెరుగుతోంది అనే ఇదే మాట లవ్‌క్రాఫ్ట్ తన సొంతూరు ప్రొవిడెన్స్‌లో కూర్చుని రాసుంటే, చివరి పేరాకి కథకుడు పిచ్చాసుపత్రిలో ఉండేవాడు. సరుకు ఒకటే. మనకి పెరిగేవాడు మనవాడు. ఆయనకి పెరిగేదేదీ తనది కాదు.

నేను ఈ చర్చలోకి రావడానికి అసలు కారణం వేరే. 'ద కలర్ అవుట్ ఆఫ్ స్పేస్' తెలుగు చేద్దామని కూర్చున్నా. ఆయన తన కథల్లో బాగా ఇష్టపడ్డవాటిలో అదొకటి. 1927లో 'అమేజింగ్ స్టోరీస్' వేసింది, ఇచ్చింది 25 డాలర్లు, అదీ తిప్పించుకుని. సూటిమాట గారూ, మీరు చదవాల్సింది ఇది. ఇందులో విశేషణాలు తక్కువ, పల్లె ఎక్కువ.

1882 జూన్‌లో ఒక రైతు పొలంలో, బావి పక్కన, ఉల్క పడుతుంది. కాలేజీ ప్రొఫెసర్లు వచ్చి ముక్క కొట్టుకుపోతారు. అది రోజురోజుకీ తగ్గిపోతుంటుంది. లోపల బుడగ లాంటిదొకటి, దానికో రంగు. అట్లాంటి రంగు ఎవరూ చూసి ఎరగరు. సుత్తితో కొడితే చిట్లి మాయమైపోతుంది. తర్వాత పిడుగులు పడి రాయే లేకుండా పోతుంది. ఆ ఏడు తోట విరగకాస్తుంది. పళ్లు ఎన్నడూ లేనంత పెద్దవి, నిగనిగలాడుతుంటాయి. రైతు అదనంగా పీపాలు తెప్పించుకుంటాడు. కొరికితే చేదు, వాంతి వచ్చేలాంటి చేదు. పంటంతా పారబోస్తాడు.

మాకు ఆరెకరాల తోతాపురి తోట ఉంది. ఈ భాగం మా నాయనకి చదివి వినిపించా. విని, "ఏం మందు కొట్టినారంట?" అని అడిగినాడు. మందు కాదు నాయనా, ఆకాశం నుంచి ఏదో పడింది అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "కాయ అట్లా ఉండి చేదుగా ఉంటే, తప్పు యాడుందో తెలీకపోతే, రైతు ఏం చేస్తాడు పాపం" అన్నాడు. ఆ రైతు కూడా ఏమీ చెయ్యడు. బావి నీళ్లే తాగుతుంటాడు. తోట బూడిదౌతున్నా, ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే పోతున్నా ఊరు వదలడు. ఎందుకు వదలడు అని పట్నంవాళ్లు అడుగుతారు. మా ఊళ్లో ఎవరూ అడగరు.

కిటికీసీటు · ఉదయం 8:20

ఆ కథ చివర ఇంకోటుంది కదా మామిడితోపు గారూ. కథ చెప్పేవాడు సర్వేయరు. ఆ లోయలో రిజర్వాయరు కట్టబోతున్నారు. ఆ పాడునేలంతా నీటి అడుగుకి పోతుంది, ఆ నీళ్లు ఊరు తాగుతుంది. నేను మాత్రం ఆ ఊరి నీళ్లు చచ్చినా ముట్టనంటాడు. మాకు నీళ్లొచ్చేది కల్యాణి డ్యామ్ నుంచి. కథ చదివిన వారం కుళాయి తిప్పినప్పుడల్లా గ్లాసు వెలుగులో పెట్టి చూసేవాణ్ని. మా అమ్మాయి "నాన్నా, మున్సిపాలిటీవాళ్లు కూడా ఇంత చూడరు" అంది.

గాదంకి_గాలి (తిరుపతి) · ఉదయం 10:02

హాయ్ అందరికీ. ఫిజిక్స్ స్టూడెంట్‌ని. అయ్యవారు చెప్పింది బాగుంది గానీ, ఆ భయం లవ్‌క్రాఫ్ట్ ఇంట్లో కూర్చుని ఊహించింది కాదు. ఆ రోజుల పేపర్లలోనే ఉంది. కుర్రతనంలోనే స్థానిక పత్రికలకి ఖగోళం మీద శీర్షికలు రాసినవాడు. 1925 నాటికి ఖగోళ శాస్త్రవేత్త హబుల్ లెక్కతో తేలిందేంటంటే, ఆండ్రోమెడా మన పాలపుంతలో మబ్బు కాదు, అదే ఇంకో పాలపుంత. అంటే ఒక్కసారిగా విశ్వం ఎన్నో రెట్లు పెరిగిపోయింది, మనం అంతే మిగిలాం. 1930 ఫిబ్రవరిలో ప్లూటో దొరికింది. అదే నెలలో మొదలుపెట్టిన 'ద విస్పరర్ ఇన్ డార్క్‌నెస్'లో దాన్ని తన కథల్లోని యుగ్గోత్ అనే చీకటి గ్రహం చేసేశాడు. 2015లో అంతరిక్ష నౌక ప్లూటో దగ్గరికి పోయినప్పుడు, అక్కడి నల్లటి పెద్ద మచ్చకి శాస్త్రవేత్తలు తమలో తాము పెట్టుకున్న పేరు క్తుల్హు. బాకీ తీర్చినట్టుంది.

నాకు ఇష్టమైంది చిన్న కథ, 'ఫ్రమ్ బియాండ్'. 1920లో రాశాడు. ఒకడు మిషను తయారు చేస్తాడు. అది ఆన్ చేస్తే మన చుట్టూ గాలిలో ఎప్పుడూ ఈదుతూ ఉండేవి కనిపిస్తాయి. కదలొద్దు అంటాడు వాడు. ఎందుకంటే ఈ వెలుగులో మనకి అవి కనిపించినట్టే, వాటికి మనమూ కనిపిస్తాం.

ఒకసారి మా క్లాసుని గాదంకి రాడార్ దగ్గరికి తీసుకెళ్లారు. పెద్ద డిష్ ఉంటుందనుకున్నా. లేదు. నేల మీద 1024 యాంటెన్నాలు, వరుసల్లో, సుమారు 130 మీటర్లకి 130 మీటర్లు. ఇనప కొమ్మల తోట లాగా ఉంది. పైన ఖాళీ ఆకాశం. స్క్రీన్ మీద మాత్రం ఆ ఖాళీ అంతా గీతలు గీతలుగా కదులుతోంది. గాలి పొరలు, సుడులు. అందరూ సెల్ఫీలు దిగుతుంటే నేను మాత్రం 'అవి ఇటు చూడటం లేదు కదా' అనుకున్నా. చూడవు, తెలుసు. అయినా అనుకున్నా.

సూటిమాట · మధ్యాహ్నం 1:15

సరే, ఆ రంగు కథ చదువుతా. ఇంత మంచి సరుకైతే సినిమాలు ఎందుకు బాలేవో కూడా చెప్పండి. నేను రెండు చూశా. ఒకటి నవ్వొచ్చింది, ఒకటి నిద్రొచ్చింది.

కిటికీసీటు · మధ్యాహ్నం 2:48

నవ్వొచ్చింది 'రీ-యానిమేటర్' అయితే అది తప్పు కాదు, 1985లో నవ్వించడానికే తీశారు.

అసలు చిక్కు ఏమిటంటే కెమెరా ఉన్నదాన్నే చూపిస్తుంది. పేజీ మీద 'ఎవరూ చూడని రంగు' అని రాస్తే చాలు, నా బుర్ర తంటాలు పడుతుంది. సినిమాలో ఏదో ఒక రంగు వెయ్యక తప్పదు. 2019లో నికొలస్ కేజ్‌తో తీసినప్పుడు ఊదా గులాబీ లాంటి మెజెంటా వేశారు. పిచ్చి తెలివి అది. మెజెంటాకి ఇంద్రధనుస్సులో చోటు లేదు, ఎరుపూ నీలమూ కలిపి మన బుర్ర తయారు చేసుకునే రంగు. కానీ హాల్లో కూర్చున్నవాడికి పెళ్లి స్టేజీ లైటింగ్ గుర్తొస్తుంది. అంతకుముందు 2010లో జర్మనీవాళ్లు ఇదే కథని 'డీ ఫార్బె' అని తీశారు. సినిమా అంతా నలుపు తెలుపు. ఆ ఒక్కటి మాత్రం రంగులో. డబ్బు లేనివాడి ఉపాయమే గెలిచింది.

2005లో లవ్‌క్రాఫ్ట్ అభిమానుల సంఘం ఒకటి 'క్తుల్హు' కథని మూకీగా తీసింది, 47 నిమిషాలు, 1920ల్లో తీసినట్టే. అట్టలతో కట్టిన నగరం, బొమ్మలాంటి భూతం. నవ్వు రావాలి, రాదు. పాత మూకీలో అన్నీ అట్లాగే ఉంటాయని కన్ను ముందే సర్దుకుపోతుంది.

మన దురదృష్టం, గియెర్మో దెల్ తోరో అంటార్కిటికా కథ తీద్దామని ఏళ్ల తరబడి తిరిగాడు. సుమారు 15 కోట్ల డాలర్ల ఖర్చు, పిల్లలు ఒంటరిగా చూడలేని 'ఆర్' రేటింగ్, సుఖాంతం లేదు. 2011లో స్టూడియో చేతులెత్తేసింది.

పాచికలు (తిరుపతి) · సాయంత్రం 4:30

పేరు పెట్టి తీసినవాటికన్నా పేరు చెప్పకుండా తీసినవి బాగుంటాయి అన్నా. 1982 నాటి 'ద థింగ్' ఆయన కథ కాదు, జాన్ క్యాంప్‌బెల్ 1938 కథ. కానీ మంచు, తవ్వకం, ఆకారం లేనిది, అంతా ఆ వాసనే. విడుదలైనప్పుడు పోయింది. రెండు వారాల ముందే 'ఈ.టీ.' వచ్చింది మరి. ముద్దొచ్చే గ్రహాంతరవాసి పక్కన దీన్ని ఎవడు చూస్తాడు? ఇప్పుడు అందరూ నెత్తిన పెట్టుకుంటున్నారు.

మన దేశంలో 'తుంబాడ్' చెప్పాలి, 2018. ఆ వాన, ఆ బావి, అబ్బో. కానీ నా లెక్కలో అది పూర్తిగా ఈ కోవలోకి రాదు. అందులో ఆశపడ్డవాడికి శిక్ష పడుతుంది. శిక్ష పడిందంటే ఎక్కడో న్యాయం ఉన్నట్టే. నాయనమ్మ కథల్లో ఉండేది అదే. లవ్‌క్రాఫ్ట్ దగ్గర తప్పు చెయ్యనివాడు కూడా పోతాడు, మామిడితోపు అక్క చెప్పిన రైతు మాదిరి.

నేను దీంట్లోకి వచ్చింది ఆటల ద్వారా. 1981లో 'కాల్ ఆఫ్ క్తుల్హు' అని బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట వచ్చింది. మామూలు ఆటలో దెబ్బ తగిలితే ప్రాణం తగ్గుతుంది. ఇందులో నిజం తెలిస్తే మతి తగ్గుతుంది, దానికో అంకె. మా రూంలో ఐదుగురం శనివారం రాత్రుళ్లు ఆడతాం. పోయినవారం మావాడు పాత ఇంటి అటకెక్కి డైరీ చదవనా వద్దా అని పది నిమిషాలు ఆలోచించాడు. చదివితే కథ నడుస్తుంది, మతి పోతుంది. టెన్షన్ తట్టుకోలేక కరెంటు పోతే బాగుండనుకున్నా. చివరికి చదివాడు. ఎవడైనా చదువుతాడు కదా?

'బ్లడ్‌బోర్న్' వీడియో గేమ్‌లో (2015) ఇది ఇంకా ముదిరింది. మనకి తెలివిడి పెరిగేకొద్దీ, అప్పటిదాకా మామూలుగా ఉన్న చర్చి గోడకి అంటుకుని ఉన్న పెద్ద ప్రాణి కనపడటం మొదలవుతుంది. అది కొత్తగా వచ్చింది కాదు. మొదట్నుంచీ అక్కడే ఉంది.

రేణిగుంట_ప్లాట్‌ఫారం · రాత్రి 8:10

ఇంతమంది మాట్లాడారు, ఒక్కరూ ఎత్తలేదు. ఈ లవ్‌క్రాఫ్ట్ జాతి ద్వేషి. ఉత్తరాల్లో నల్లవాళ్ల గురించి, యూదుల గురించి, వలసవచ్చినవాళ్ల గురించి రాసిన రాతలు చదివితే పుస్తకం మూసేయాలనిపిస్తుంది. కథల్లో కూడా దాగలేదు. భూతాన్ని కొలిచే గుంపు అనగానే నల్లటివాళ్లు, ఓడ కూలీలు. 'ద హారర్ ఎట్ రెడ్ హుక్' నిండా అదే. వరల్డ్ ఫాంటసీ అవార్డుగా ఆయన తల బొమ్మ ఇచ్చేవాళ్లు, 2015లో మానేశారు. నల్లజాతి రచయిత్రి ఇంట్లో ఆ బొమ్మ పెట్టుకోవాలా? ఆయన కళ్లకి మనమేమైనా వేరుగా కనిపించేవాళ్లమా? ఇన్స్‌మౌత్ కథ మీకు భయం కథ. రక్తం కల్తీ అయిందని ఒకడు వణికిపోయే కథ. పెళ్లిచూపుల్లో ఈ వణుకు మన ఊళ్లలో చాలాసార్లు చూశాను, దానికి చేప ముఖం అక్కర్లేదు.

సూటిమాట · రాత్రి 8:22

ఇదిగో, ఇది నాకు తెలీదు. తెలిసుంటే మొదటి పోస్టులోనే రాసేవాణ్ని.

కాపలా (మోడరేటర్) · రాత్రి 8:40

మధ్యలో రెండు పోస్టులు తీసేశాను. కులం పేర్లతో తిట్టుకోవడానికి ఈ చర్చ వేదిక కాదు. రేణిగుంట గారి పోస్టు విషయం మీదే ఉంది, ఉంటుంది.

పాతపుస్తకం · రాత్రి 9:30

రేణిగుంట గారూ, మీరన్నదాంట్లో ఒక్క అక్షరం తీసెయ్యను. పైగా ఆయన 1924లో పెళ్లి చేసుకున్న సోనియా గ్రీన్ యూదురాలే. ఆ మనిషి పక్కనుండగా అట్లా రాసినవాణ్ని ఏమనాలి?

కానీ ఒకచోట ఆయన తన చేత్తో తనే ఓడిపోయాడు, అది మీకు చూపించాలి. అంటార్కిటికా కథలో ఆ ఊరు కట్టినవాళ్లు పీపా ఒళ్లు, నక్షత్రం తల ఉన్న ప్రాణులు. కోట్ల ఏళ్ల నిద్ర లేచి కొందరు శిబిరంలో మనుషుల్ని చంపారు, కోసి పరీక్షించారు. తర్వాత సొరంగంలో వాటి శవాలు కనిపిస్తాయి, వేరేదేదో చంపేసింది. అప్పుడు కథకుడు అసహ్యించుకోడు. పాపం, ఇంటికి పోదామనుకున్నారు, వాళ్లూ మనలాంటి శాస్త్రవేత్తలే, వాళ్లూ మనుషులే అంటాడు. చదివిన ప్రతిసారీ నేను అక్కడ ఆగుతా. నక్షత్రం తల ఉన్నదాన్ని మనిషి అన్నాడు. బ్రూక్లిన్‌లో తన వీధిలో నడిచేవాళ్లని అనలేకపోయాడు.

రేణిగుంట_ప్లాట్‌ఫారం · రాత్రి 9:48

అది బాగా పట్టుకున్నారు. ఆయన్ని వదిలెయ్యమని కాదు నేనన్నది. విక్టర్ లవాల్ అనే నల్లజాతి రచయిత 2016లో ఆ రెడ్ హుక్ కథనే తీసుకుని, నల్లవాడి వైపు నుంచి 'ద బాలడ్ ఆఫ్ బ్లాక్ టామ్' రాశాడు. అందులో ఒక తండ్రి చావు ఉంది, పోలీసు తుపాకీ ఉంది. అది చదివాక, ఎవడికీ పట్టని విశ్వం అనే ఊహ ఎవరికి కొత్త భయం, ఎవరికి రోజూ ఉన్నదే అనేది నాకు అర్థమైంది. ముందు ఆయన్ని చదివి, వెంటనే ఇది చదవండి. వారం గడిచాక కాదు, వెంటనే.

అయ్యవారు · సోమవారం ఉదయం 5:50

పెద్దవాణ్ని, ఒక మాట. గోత్రం చెప్తే దేవుడు వింటాడు అని నేను సులువుగా రాసేశాను. గుడి గడప బయటే నిలబెట్టిన రోజులూ ఇక్కడ ఉన్నాయి. వాళ్ల గోత్రం ఎవరూ అడగలేదు. రేణిగుంట గారి పోస్టు చదివాక అది రాయకుండా ఉండలేకపోయాను.

మామిడితోపు · సోమవారం రాత్రి 9:05

అయ్యవారూ, ఈ మాట కోసమైనా ఈ చర్చ మొదలైనందుకు సంతోషం.

ఇంక నా పని సంగతి. మూడో పేజీ దగ్గర ఆగిపోయా. మాటలు దొరకడం లేదు. 'మాటలకందనిది' అనడానికి మనకి 'అనిర్వచనీయం' ఉంది కదా అనుకుని రాశా. చదువుకుంటే పెళ్లి శుభలేఖలా ఉంది. ఆ మాటని ఎప్పుడో ఆనందానికి, భక్తికి ఇచ్చేశాం. 'అనిర్వచనీయమైన భయం' అంటే ఎవరూ భయపడరు. 'అగమ్యగోచరం' అంటే పరీక్ష తప్పిన కుర్రాడి భవిష్యత్తు. 'చెప్పనలవి కాని' రాస్తే సూటిమాట గారు మళ్లీ కూర గిన్నె మూత గుర్తుచేస్తారు. అసలు ఆ రంగునే ఏమనాలి? 'వర్ణం' అంటే పాటా, అక్షరమూ, ఇంకా రకరకాలు వచ్చి కూర్చుంటాయి. 'వన్నె' అంటే చీర. 'అంతరిక్ష వర్ణం' అని పేరు పెడితే పిల్లల సైన్సు పుస్తకం. ఎవరైనా సాయం చెయ్యండి.

గాదంకి_గాలి · రాత్రి 9:20

'తరంగదైర్ఘ్యం లేని రంగు'? (నవ్వొద్దు)

సూటిమాట · రాత్రి 9:26

రంగు కథ చదివా. ఇంగ్లీషులోనే, ఒక్క కూర్చోడులో. రైతు భార్యని అటక మీద పెట్టి తాళం వేసిన చోట ఫోన్ పక్కన పెట్టి బయటికి పోయి టీ తాగొచ్చా. మిగతావాటి మీద నా అభిప్రాయం మారలేదు. దీని మీద మారింది. పేరు మాత్రం ఉత్త 'రంగు' అని పెట్టండి అక్కా.

మామిడితోపు · మంగళవారం రాత్రి 8:15

దొరికింది. నాకు కాదు, మా అవ్వకి.

సాయంత్రం అరుగు మీద చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాం. కథంతా చెప్పా. ఎర్రదా? కాదు. పచ్చదా? కాదు. నల్లదా? కాదవ్వా, మనం చూసిన రంగుల్లో ఏదీ కాదు, అయినా రంగే. చేట పక్కన పెట్టి, "అయితే ఊరు కాని ఊరు, వేళ కాని వేళ అన్నట్టు, అది రంగు కాని రంగు" అంది. మళ్లీ చేట తీసుకుని ఒలుచుకుంటా కూర్చుంది.

పేరు 'రంగు కాని రంగు'. మొదటి మూడు పేజీలు రేపు కొత్త చర్చలో పెడతా. పాతపుస్తకం గారూ, మీ సంపుటిలో లేని ఆ పదహారు పేజీలు ప్రింటు తీసి ఉంచా, శుక్రవారం తిరుపతి వస్తున్నా.

పాతపుస్తకం · మంగళవారం రాత్రి 8:31

లీలామహల్ సర్కిల్‌లో ఆరింటికి ఉంటా. నలభై రూపాయల పుస్తకం తెస్తా. జిగురు మీరు తెండి.